చదరంగ యంత్రము చూడక విడుచు ఎత్తులు

చదరంగమునందు ఒక్కొక్క స్థితిలో సుమారు 30 ఎత్తులు సాధ్యములు. మన యెత్తు, ప్రత్యర్థి యెత్తు, మరల మనది, మరల వానిది, ఇట్లు నాలుగెత్తులు ముందునకు జూడవలెనన్న 8,10,000 స్థితులగును, ఆరెత్తులకు 72,90,00,000. గడియారము నడచుచుండగా యంత్రము వీని నన్నిటిని పరిశీలింపవలయునా? అక్కఱలేదు. ఏలనో మా పాఠకులకు దెలుపబూనితిమి.

చార్మినారునుండి నాలుగు దిక్కులకు నాలుగు వీథులు సాగినవి గదా. ఒక యాట నూహింతము. ఒక్కొక్క వీథిలో మూడేసి గల్లీలు. గల్లీకి కొన్ని రూపాయలు. వీథిని మన మెన్నుకొందుము. అందలి గల్లీని ప్రత్యర్థి యెన్నుకొనును. అచ్చట నున్నది మనకు దక్కును. అతడు మనకు తక్కువ దొరకు గల్లీనే చూపునుగాని వేఱొకటి చూపడు. మొదటి వీథిలో 5, 7, 9 రూపాయలున్నచో దాని విలువ 5. రెండవ వీథి మొదటి గల్లీలో 2 రూపాయలే కనబడెననుకొందము. తక్కిన గల్లీలలో నూఱేసి యున్నను లాభమేమి? ప్రత్యర్థి మనల నచ్చటికి బోనీయడు. కావున వానిని చూడకయే ఆ వీథిని విడువవచ్చును. దీనికే ఆల్ఫా-బీటా పద్ధతియని పేరు.

1957లో ఐ.బి.ఎం. 704 యంత్రముపై అలెక్స్ బెర్న్‌స్టీను రచించిన ప్రోగ్రాము ప్రతి స్థితిలోను మేలుగా దోచిన 7 ఎత్తులను మాత్రమే చూచెడిది. నాలుగెత్తులకు 2,401 స్థితులు. కాని విడిచినవానిలోనే ఉత్తమమైన యెత్తు దాగియుండవచ్చును. 1956లో డార్ట్‌మత్ సభయందు జాన్ మెకార్తీ ఆయనకు ఈ రెండవ మార్గమును సూచించెను. ఇందు విడుచునది ఊహచేత గాదు, రుజువుచేత; అన్నియు జూచిన వచ్చెడి ఫలమే వచ్చును.

అయితే క్రమము ముఖ్యము. రెండవ వీథిని ముందు చూచినచో దాని విలువ తెలియుటకు మూడు గల్లీలును, ఆపై మొదటి వీథిలోని మూడును చూడక తప్పదు. అందుచేత యంత్రములు పావులను జంపు ఎత్తులను, పైపై శోధనలో మేలని తేలినవానిని ముందు పరీక్షించును. క్రమము ఉత్తమమైనచో 8,10,000కు బదులు 1,799 చాలునని 1975లో నూత్, మూర్ అను పండితులు చూపిన సూత్రము దెలుపుచున్నది. 1997లో కాస్పరోవును గెలిచిన డీప్ బ్లూ సెకండునకు సుమారు 20 కోట్ల స్థితులు చూడగలిగియు ఈ పద్ధతిని విడువలేదు.

మెకార్తీ శిష్యులలో మన తెలుగువారును గలరు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు 1966లో స్టాన్‌ఫర్డునందు ఆయనయొద్ద డాక్టరు పట్టము నొంది, 1994లో ట్యూరింగు బహుమానమును గ్రహించిరి.

విద్యార్థులారా, మూడవ వీథిలో 6, 4, 8. నాల్గవదానిలో 3, 9, 9 ఉంచి కాగితముపై లెక్కింపుడు. పండ్రెండు గల్లీలలో ఏడు చూచిన చాలునని తేలును. పిమ్మట వీథుల వరుస మార్చి మరల లెక్కింపుడు. క్రమముయొక్క విలువ మీకే బోధపడును.