రూపాయి వెల తగ్గించుట

మూల్య న్యూనీకరణమను మాట వినినంతనే “మా పెట్టెలోని రూపాయలు తగ్గిపోవునా?” యని పెద్దలు కొందఱు నన్నడుగుచుందురు. తగ్గవు. తగ్గునది విదేశ ద్రవ్యముతో మన రూపాయికి గల మారకపు వెల మాత్రమే. అయినను ఆ తగ్గుదల మన సంతకును రాక మానదు. అదెట్లో చెప్పెదను.

1966వ సంవత్సరము జూను 6వ తేదీన మన ప్రభుత్వము రూపాయి వెలను తగ్గించెను. అంతకు పూర్వము అమెరికా డాలరొకటికి 4 రూపాయల 76 పైసలు చెల్లుచుండగా, నాటినుండి 7 రూపాయల 50 పైసలు చెల్లవలసి వచ్చెను. గుంటూరు పొగాకును విదేశములలో 100 డాలర్లకు అమ్మిన వర్తకునకు పూర్వము 476 రూపాయలు ముట్టెడివి; పిమ్మట 750 ముట్టును. ఇది లాభము. కాని 100 డాలర్ల యెరువును తెప్పించువాడును 476కు మాఱుగా 750 రూపాయలే చెల్లింపవలెను. విదేశములకు మనము తీర్పవలసిన డాలర్ల అప్పును రూపాయలలో అట్లే పెరుగును. ఇది నష్టము. పొగాకు పండించి యెరువు కొను రైతు గడపలోనికి ఈ రెండును వచ్చును.

లాభము నష్టమును మించవలెనన్న అమ్ముటకు సరకు సమృద్ధిగ నుండవలెను. 1965లోను, 1966లోను వానలు కురియలేదు. పంటలు చెడెను, తినుటకు గోధుమలు అమెరికానుండి ఓడలలో రావలసి వచ్చెను. జనపనార సరకులు, తేయాకు మున్నగువానిపై ప్రభుత్వమే ఎగుమతి సుంకములు విధించెను. ఆశించిన విదేశ సహాయమును పూర్తిగ రాలేదు. కావున ఎగుమతులు వెంటనే పెరుగలేదు. ధరలు మాత్రము పెరిగెను. కఱవు చేసిన కీడును సయితము జనులు రూపాయి తగ్గింపుపైననే మోపిరి.

1991 జూలై 1, 3 తేదీలలో మరల రెండు మాఱులు వెల తగ్గించిరి. అప్పటికి విదేశ ద్రవ్యపు నిల్వ కొన్ని వారముల దిగుమతులకు మాత్రమే చాలియుండెను. ఈ పర్యాయము దానితోపాటు పరిశ్రమలపై, దిగుమతులపై గల నిర్బంధములను గూడ సడలించిరి. కొంతకాలమునకు ఎగుమతులు హెచ్చెను. 1993 మొదలు మారకపు వెలను ముఖ్యముగ అంగడి బేరమే నిర్ణయించుచున్నది.

కుంచమును మార్చినంతనే గాదెలోని ధాన్యము పెరుగదు. రూపాయి వెల తగ్గినదని వినినప్పుడు, మన యూరినుండి విదేశములకు పోవు సరకెంత, అచటినుండి మనకు వచ్చునదెంత యని లెక్క చూచుకొనుడు. మీ లాభ నష్టములు ఆ లెక్కలోనే తేలును.