పెద్ద మందు ఒక అమానతు

గత శీతకాలంలో మా పెద్దన్నయ్య గారు తీవ్రమైన చలిజ్వరంతో ఆసుపత్రి పాలయ్యారు. ఆయన వయస్సు 62 సంవత్సరాలు. చాలాకాలంగా మధుమేహం ఉన్నది. మూత్రనాళంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి వ్యాపించిందని, రక్తపోటు పడిపోతున్నదని వైద్యులు తెలిపారు. రక్తం, మూత్రం నమూనాలను కల్చర్ పరీక్షకు తీసుకున్న వెంటనే, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్‌ను సిరలోకి ఎక్కించడం ప్రారంభించారు. రెండు రోజులలో జ్వరం తగ్గుముఖం పట్టింది. మూడవ నాడు రిపోర్టు చూసిన డాక్టరు ఆ మందును ఆపివేసి, సెఫ్ట్రియాక్సోన్ అనే వేరొక ఇంజక్షన్ వ్రాశారు.

మాకు ఆందోళన కలిగింది. "డాక్టర్ సాబ్, ఖర్చుకు మేము వెనుదీయము. మనిషిని నిలబెట్టిన పెద్ద మందును మధ్యలో ఎందుకు తీసివేస్తున్నారు?" అని కొంత కటువుగానే అడిగాము. ఆయన నొచ్చుకోలేదు. "మౌలానా గారూ, క్రిమి ఏదో తెలియనప్పుడు పెద్ద మందు వాడాము. ఇప్పుడు అది ఏదో తెలిసింది. చిన్న మందుకే లొంగుతుందని కూడా తేలింది" అన్నారు. ఆయన ఓపికతో వివరించిన సంగతులను, ఆ తరువాత మేము చదివి గ్రహించిన వాటిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మందు ఎలా పనిచేస్తుంది?

బ్యాక్టీరియా చుట్టూ ఒక గట్టి గోడ ఉంటుంది. దానిని కణకుడ్యం అంటారు. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోకుండా కాపాడేది అదే. బ్యాక్టీరియా పెరిగేకొద్దీ ఆ గోడను కట్టుకుంటూ ఉండాలి. ఈ పనిని కొన్ని ఎంజైములు తాపీ మేస్త్రీల వలె నిర్వహిస్తాయి. మెరోపెనెమ్ వెళ్ళి ఆ ఎంజైములకు అతుక్కొని వాటి పనిని స్తంభింపజేస్తుంది. గోడ బలహీనపడి, నీరు లోనికి చొరబడి, బ్యాక్టీరియా పగిలి నశిస్తుంది. మానవ కణాలకు అటువంటి గోడ లేదు. కనుక మందు దెబ్బ ప్రధానంగా క్రిమిపైనే పడుతుంది.

పెన్సిలిన్ పనిచేసేది కూడా ఈ విధంగానే. అయితే అనేక బ్యాక్టీరియాలు పెన్సిలిన్ జాతి మందులను ముక్కలు చేసే ఎంజైములను తయారుచేసుకున్నాయి. మెరోపెనెమ్ నిర్మాణం వాటిలో చాలావాటికి తట్టుకొని నిలుస్తుంది. అందుచేతనే దీనిని విస్తృత పరిధి గల మందు అంటారు. అయినా ఇది సర్వరోగ నివారిణి కాదు. జలుబు, డెంగ్యూ వంటి వైరస్ వ్యాధులపై దీని ప్రభావం శూన్యం.

సిరలోకే ఎందుకు?

ఈ మందును నోటి ద్వారా ఇస్తే ప్రేగులు తగినంతగా గ్రహించలేవు. అందువలన సీసాలోని పొడిని ద్రావణంలో కలిపి సిరలోకి ఎక్కిస్తారు. మూత్రపిండాలు బాగా పనిచేసేవారిలో సుమారు ఒక గంటలోనే రక్తంలోని మందు సగానికి తగ్గిపోతుంది. కనుకనే పెద్దలకు సాధారణంగా 8 గంటలకు ఒకసారి ఇస్తారు. సాధారణంగా 15 నుండి 30 నిమిషాలలో, కొందరు రోగులకు 3 గంటలపాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. రోగి దగ్గర ఉన్నవారు త్వరగా అయిపోవాలని సెలైన్ గొట్టపు చక్రాన్ని తిప్పడం ఎంతమాత్రం తగదు.

పెన్సిలిన్ గాని, ఇతర యాంటీబయాటిక్ గాని గతంలో పడకపోయి ఉంటే ముందుగానే చెప్పాలి. మూత్రపిండాల వ్యాధి ఉంటే మోతాదు మార్చవలసి వస్తుంది. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడేవారిలో మెరోపెనెమ్ ఆ మాత్ర శక్తిని తగ్గించి, మూర్ఛ తిరిగి వచ్చేటట్లు చేయగలదు. మందు వాడే రోజులలో గాని, ఆ తరువాత గాని విరేచనాలు ఎక్కువైతే వెంటనే వైద్యునికి తెలియజేయాలి.

చిన్న మందుకు మారడం ఎందుకు?

విస్తృత మందు హానికర క్రిములతోపాటు ప్రేగులలోని మేలుచేసే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. ఆ మందుకు లొంగనివి మాత్రం మిగిలి వృద్ధి చెందుతాయి. మెరోపెనెమ్‌ను సైతం ముక్కలు చేసే ఎన్‌డీఎమ్ అనే ఎంజైమును మొదట 2008లో, భారతదేశంలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగి నమూనాలో గుర్తించారు. దాని పేరులోని తొలి రెండు అక్షరాలు మన రాజధాని న్యూఢిల్లీవే. అటువంటి క్రిమి సోకినప్పుడు వైద్యుని చేతిలో మిగిలే మందులు చాలా స్వల్పం.

అందువలన కల్చర్ రిపోర్టు వచ్చిన తరువాత, రోగి కుదుటపడితే, ఆ క్రిమిపై పనిచేసే చిన్న మందుకు మారడం చికిత్సలో భాగమే. అది నిర్లక్ష్యం కాదు, పొదుపూ కాదు. అయితే ఆ నిర్ణయం వైద్యునిది. జ్వరం తగ్గిందని ఇంటివారు తమంతట తాము మందు ఆపివేయడం వేరు, ప్రమాదకరం.

మన బాధ్యత

మన ఇండ్లలో జ్వరం రాగానే మెడికల్ షాపుకు వెళ్ళి రెండు యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకొని మింగడం, మిగిలినవి ఇరుగుపొరుగుకు ఇవ్వడం పరిపాటి. మా అన్నయ్య గారు కూడా ఏళ్ళ తరబడి ఇదే చేశారు. చిన్న మందుకు లొంగే క్రిమి సోకడం ఆయన అదృష్టం. 2014 నుండి మెరోపెనెమ్ వంటి మందులు షెడ్యూల్ హెచ్1 క్రింద ఉన్నాయి. డాక్టరు చీటీ లేనిదే వాటిని అమ్మరాదు. అమ్మినప్పుడు వివరాలను రిజిస్టరులో నమోదు చేయాలి. చట్టం దుకాణం వరకే వస్తుంది. ఇంటి లోపల జాగ్రత్త వహించవలసినది మనమే.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు "పెద్ద ఇంజక్షన్ వేయండి" అని ఒత్తిడి చేయకండి. అంతకన్నా మూడు ప్రశ్నలు అడగండి: కల్చర్‌కు నమూనా తీశారా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది? వచ్చిన తరువాత మందు మార్చే అవకాశం ఉన్నదా?

అన్నయ్య గారు పదవ నాడు నడుచుకుంటూ ఇల్లు చేరారు. మేము డాక్టరు గారి వద్దకు వెళ్ళి మా కటువు మాటకు క్షమాపణ కోరాము. నేడు మనము అవసరం లేకుండా వాడిన మందు, రేపు మన మనుమడికి అవసరమైన నాడు పనిచేయకపోవచ్చు. దానిని అమానతుగా భావించి కాపాడుదాము. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.