ఇంగ్లండు పల్లెలో క్లబ్బు పెట్టె
విక్టోరియా కాలపు గ్రామజీవనము – పొదుపు సంఘములు

ఇంగ్లండు దేశమనగానే మనలో పెక్కుమందికి యంత్రశాలలు, రైలుబండ్లు, వర్తకపు ఓడలు స్ఫురించును. కాని విక్టోరియా రాణి యేలిన కాలమున, అనగా 1837 మొదలు 1901 వరకు, ఆ దేశమునందును లక్షలకొలది జనులు పల్లెలలో కాపురముండి భూమిని నమ్ముకొనియే బ్రదికిరి. ఆ పల్లెలలోని బీదవారు తమ యిక్కట్లు గడచుటకై పెన్నీకి పెన్నీ చేర్చి యెట్టి సంఘములను నిలిపిరో, వానిలో కొన్ని యేల కూలిపోయెనో తెలిసికొనుట సహకార సంఘ సభ్యులమైన మనకు మిక్కిలి ప్రయోజనకరము.

భూమి యెవరిది?

ఇంగ్లండు దక్షిణ భాగమందలి పల్లెలలో సొంత చెక్క గల చిన్న రైతు అరుదు. అనేక గ్రామములలో భూమి చాలవరకు ఒక్క భూస్వామిదై యుండెను. అతనిని స్క్వైరు అనుచుండిరి. అతడు భూమిని పెద్ద కమతములుగా విభజించి కౌలుకిచ్చును. కౌలుదారు కూలీలను పెట్టి సేద్యము చేయించును. పూర్వము ఊరుమ్మడి బీళ్లయందు బీదవాడు తన ఆవును మేపుకొనుచు, వంటచెరకు ఏరుకొనుచు నుండెను. పార్లమెంటు చేసిన చట్టములచే ఆ బీళ్లకు కంచెలు పడి, అవి కొందరి సొంత ఆస్తులైన పిదప, కూలివానికి తన రెక్కలు తప్ప వేరాధారము లేకపోయెను.

ఆ కాలపు వారి నాణెములలో 12 పెన్నీలు ఒక షిల్లింగు. 20 షిల్లింగులు ఒక పౌను. 1872లో వార్విక్‌షైరు కూలివానికి వారమునకు సుమారు 12 షిల్లింగులు ముట్టుచుండెను. అందులోనే ఇంటి అద్దె, రొట్టె, బట్ట, బొగ్గు అన్నియు గడవవలెను. వాన కురిసి పని ఆగినచో కూలియు ఆగును. అతడుండు ఇల్లు తరచుగా యజమానిదే. కొలువు పోయిన దినముననే గూడును పోవును.

గుడి, బడి, బీదల యిల్లు

గ్రామమునకు నడుమ చర్చి. దానికి చెందిన ప్రదేశమును పారిష్ అందురు. చర్చి యందు కూడు వెస్ట్రీ యను సభయే బాటలు బాగుచేయించుట, పన్ను వేయుట మున్నగు ఊరి పనులను చూచుచుండెను. ఆ సభలో పన్ను కట్టు పెద్దల మాటయే సాగును గాని కూలివాని మాట సాగదు.

బడిని చాలచోట్ల చర్చివారే నడపిరి. 1862 నాటి నిబంధనల ప్రకారము, పిల్లల హాజరును బట్టియు, ఇన్‌స్పెక్టరు చేయు పరీక్షను బట్టియు సర్కారు సొమ్ము లభించుచుండెను. కాని కోతల కాలము రాగానే బడి ఖాళీ. విత్తిన చేలపై పక్షులను తోలుటకు చిన్న బాలురను కూలికి పెట్టుచుండిరి. 1880లో 5 మొదలు 10 ఏండ్ల వరకు చదువు నిర్బంధమయ్యెను. 1891 నుండి చాల బడులలో జీతము తీసివేయబడెను.

వీనియన్నిటికంటె కూలివానిని భయపెట్టినది బీదల యిల్లు. 1834 నాటి చట్టము ననుసరించి కొన్ని పారిష్‌లను కలిపి ఒక్కొక యూనియనుగా చేసి, నిరాధారులకై ఒక పెద్ద భవనము కట్టిరి. అందు ప్రవేశించిన భర్త ఒక భాగమున, భార్య వేరొక భాగమున, బిడ్డలు మరియొక భాగమున నుండవలసినదే. యావజ్జీవము ఇతరుల పొలము దున్నిన ముసలివాడు తుదకు ఆ గడప తొక్కవలసి వచ్చుట కంటె అవమానము లేదని యెంచుచుండెను. ఆ భయమే అతనిని పొదుపునకు పురికొల్పెను.

చిన్న క్లబ్బులు

కూలివాని పెరటిలో నొక పంది యుండెను. అది చచ్చినచో ఏడాది మాంసము పోవుటయేగాక, మేతకై చేసిన అప్పును మిగులును. అందుచే పందుల క్లబ్బులు పుట్టినవి. పంది యొక్కింటికి కొద్ది పెన్నీలు చెల్లింపవలెను. క్లబ్బు నియమించిన మనుష్యుడు వచ్చి, పంది ఆరోగ్యముగా నున్నదని చూచి గుర్తు వేయును. పిదప అది రోగముచే చచ్చినచో సొంతదారునకు వెల ముట్టును. అందరు నొకరి పంది నొకరు ఎరిగినవారే గనుక మోసమునకు తావు తక్కువ. బట్టల క్లబ్బు, బొగ్గు క్లబ్బులును ఉండెను. ఏడాది పొడవునా కట్టిన సొమ్మునకు మతగురువుగారి కుటుంబమో, భూస్వామియో కొంత కలిపి చలికాలమునకు ముందు ఇచ్చుచుండిరి.

పరస్పర సహాయ సంఘము

అన్నిటిలో ముఖ్యమైనది పరస్పర సహాయ సంఘము. సభ్యుడు నెలనెలా చందా కట్టును. జబ్బుపడినపుడు వారమునకు కొన్ని షిల్లింగులును, చనిపోయినపుడు ఉత్తరక్రియల ఖర్చును సంఘమిచ్చును. సొమ్ము మూడు తాళముల పెట్టెలో నుంచి, మూడు తాళపుచెవులను ముగ్గురికి ఒప్పగించు ఆచారము పెక్కు సంఘములలో నుండెను. ఏడాదికొకసారి వసంతకాలమున బాజా భజంత్రీలతో ఊరేగి, చర్చికి పోయి, విందు గుడుచుచుండిరి. ఊరంతటికి అదియే పండుగ.

మూడు తాళములు దొంగను ఆపగలవు గాని తప్పు లెక్కను ఆపలేవు. చాల సంఘములు సారాయి అంగడిలో కూడుచుండెను. గదికి అద్దెగా ఇంత బీరు త్రాగవలెనను కట్టుబాటుండుటచే చందాలో కొంత అటే పోయెను. అంతకంటె పెద్ద లోపమొకటి కలదు. ఇరువది యేండ్లవానికిని నలుబదియేండ్లవానికిని ఒకే చందా విధించిరి. అందరును పడుచువారై యున్నంతకాలము జబ్బులు తక్కువ, పెట్టె నిండుగా నుండెను. దానిని చూచి మురిసి విందులకు ఖర్చు చేసిరి. ఇరువది ముప్పది యేండ్లకు వారందరు నొక్కసారిగా ముసలివారైరి. ఇచ్చుట యెక్కువై, వచ్చుట తక్కువయ్యెను. ఊరి కుఱ్ఱవాండ్రు ఆ సంఘములో చేరక, వేరొక అంగడిలో క్రొత్త సంఘము పెట్టుకొనిరి. పాతది కూలెను. జీవితమంతయు చందా కట్టిన వృద్ధుడు, ఏ బీదల యింటికి వెఱచి కట్టెనో, ఆ యింటికే పోయెను.

ఇట్టి దుఃఖములు చూచిన మీదట 1875లో పార్లమెంటు చట్టము చేసెను. రిజిష్టరైన సంఘములు ప్రతి సంవత్సరము లెక్కలు తనిఖీ చేయించుకొనవలెను. అయిదేండ్లకొకమారు ముందు ముందు ఈయవలసిన బాధ్యతలెంత, ఉన్న సొమ్మెంత యని మదింపు వేయించవలెను.

భూమిపై కూడి పనిచేసినవారు

కొందరు భూస్వాములు మంచి త్రోవ చూపిరి. సఫోకు జిల్లాలోని అసింగ్‌టను గ్రామమున జాన్ గర్డను అను భూస్వామి 1830లో కొందరు కూలీలకు ఒక కమతమును ఉమ్మడిగా కౌలుకిచ్చెను. ఒక్కొక్కడు 3 పౌనులు వేసికొనెను. ఆయన 400 పౌనులు వడ్డీ లేక అప్పిచ్చెను. వారా బాకీని పూర్తిగా తీర్చిరి. 1854లో అదే గ్రామమున రెండవ సంఘము వెలసెను.

ఎరువుల పరీక్షలకు ప్రసిద్ధికెక్కిన రాథమ్‌స్టెడ్ క్షేత్రము హార్పెండెను గ్రామము చెంతనున్నది. అక్కడ 1843లో ఆరంభమైన గోధుమ పరీక్ష నేటికిని సాగుచున్నది. దాని స్థాపకుడు జాన్ బెనెట్ లాస్ కూరపెరళ్లు పెంచుకొనుటకు కూలీలకు చిన్న మళ్లిచ్చి, వారు కూడుటకై 1857లో ఒక క్లబ్బు గృహము కట్టించెను. దాని వ్యవహారమును సభ్యులే చూచుకొనిరి. అంగడివాని లాభము తప్పించి, తమ పానీయమును తామే టోకున తెచ్చుకొనిరి.

1872లో జోసెఫ్ ఆర్చి యను కూలివాడు వెల్స్‌బోర్ను గ్రామమున చెట్టు క్రింద కూడిన కూలీల నుద్దేశించి మాటలాడెను. ఆ సంవత్సరమే జాతీయ కూలి సంఘము స్థాపితమయ్యెను. 1884లో గ్రామ కూలీలలో చాలమందికి వోటు లభించెను. 1885లో ఆర్చియే పార్లమెంటు సభ్యుడయ్యెను. 1894 నాటి చట్టముచే గ్రామ కౌన్సిళ్లు ఏర్పడి, ఊరి పనులలో బీదవానికిని మాట దక్కెను. 1909 జనవరి నుండి 70 యేండ్లు నిండిన బీద వృద్ధులకు సర్కారు వారమునకు 5 షిల్లింగుల వరకు పింఛను ఈయసాగెను.

మనకు గల సంబంధము

ఈ కథ మనకు పరాయిది కాదు. చెన్నరాజధానిలో ఫ్రెడరిక్ నికల్సను దొరగారు ఐరోపా పద్ధతులను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలిచ్చిరి. పిదప 1904లో వెలసిన మన తొలి సహకార పరపతి చట్టమునకు ఇంగ్లండు పరస్పర సహాయ సంఘముల చట్టమే మాదిరి. అనగా తనిఖీదారుడు వచ్చి మన పద్దుపుస్తకము విప్పించునపుడు మనము పాటించు కట్టుబాటు వెనుక, ఆ దేశపు వృద్ధ కూలీలు పోగొట్టుకొనిన చందాలు గలవు.

కావున సభ్యులారా, పెట్టె నిండుగా నున్నదని సంతసించుటకు ముందు, అందులో ఎవరికెంత ఎప్పుడు ఈయవలసియున్నదో అడిగి తెలిసికొనుడు. మహాసభనాడు ఆస్తి అప్పుల పట్టికను చదివించి, అర్థము కాని పద్దును నిస్సంకోచముగా ప్రశ్నింపుడు. పడుచువారిని సభ్యులుగా చేర్చుడు. తాళపుచెవి ముగ్గురి చేతనుండిన చాలదు. లెక్క అందరికిని తెలిసియుండవలెను.