చిప్పుల నడుమ వెలుగు వారధి

కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, పెక్కు కాలువలును నీరు చేర్చుచున్నవి. ఆ నీరు సముద్రమును చేరుటకు ఉప్పుటేరే దారి. వానలు మెండుగా కురిసిన యేట, సరస్సు ఎంత విశాలమైనదనుటకంటె, ఉప్పుటేరు ఎంత నీటిని మోయగలదను ప్రశ్నయే చుట్టుపట్ల పొలములకు ప్రధానమగును. నేటి కంప్యూటరు చిప్పులకు వచ్చిన చిక్కు కూడ ఇట్టిదే.

గోటియంత సిలికాను పలకపై కోట్లకొలది ట్రాన్సిస్టర్లు ఇమిడియున్నవి. అవి లెక్కలను క్షణములో కట్టివేయును. కాని ఆ ఫలితము ప్రక్క చిప్పునకు పోవలెనన్న రాగితీగలే దారి. సంకేతము మారినప్పుడెల్ల తీగను విద్యుత్తుతో నింపి మరల ఖాళీ చేయవలెను. తీగ పొడవైనకొలది ఖర్చగు విద్యుత్తును, పుట్టు వేడియు పెరుగును. సంకేతముల జోరు హెచ్చినకొలది అవి రాగిలో సన్నగిల్లును. కావున లెక్కకట్టు చిప్పు పలుమారులు సమాచారమునకై ఎదురుచూచుచుండును.

దూరములకు వెలుగుచే వార్తలు పంపుట క్రొత్త గాదు. గాజుతంతిలో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు గల సుమారు 50 కిలోమీటర్లను అది సెకనులో నాలుగువేలవ వంతు కాలమున దాటును. అట్టి వెలుగును అంగుళముల దూరమునకు తెచ్చుటయే ఇప్పటి యత్నము. ఇందు లాభము వేగము కాదు. రాగిలో సంకేతము కూడ ఇంచుమించు అంత వేగముగనే పోవును. లాభమెల్ల మోతలో నున్నది. బుడమేటి నీరును తమ్మిలేటి నీరును కలసిన పిమ్మట వేరుచేయుట ఎవరి తరము? వెలుగు అట్లు గాదు. ఒకే తంతిలో పెక్కు రంగుల కిరణములు కలసి పయనించి, ఆవలి కొనను మరల విడివడును. ఒక్కొక్క రంగు ఒక్కొక్క కాలువ యగును.

ఈ ఆలోచనను 1984లో జోసెఫ్ గుడ్‌మన్, ముగ్గురు సహచరులతో కూడి, ఒక వ్యాసమున వివరించెను. 2005లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున మిఖాల్ లిప్సన్ బృందము, 12 మైక్రోమీటర్ల వ్యాసముగల సిలికాను వలయముచే వెలుగును విద్యుత్సంకేతముల ననుసరించి ఆపుచు విడుచుచు చూపినది. 2015లో 7 కోట్ల ట్రాన్సిస్టర్లును, 850 వెలుగు భాగములును ఒకే చిప్పుపై పనిచేసినవి. 2025లో ఎన్‌విడియా సంస్థ, చిప్పు చెంతనే వెలుగు పరికరములుగల స్విచ్చులను ప్రకటించినది.

చిక్కులు లేకపోలేదు. సిలికాను తనంతట వెలుగును చక్కగా ఈయజాలదు. లేజరును వేరు పదార్థముతో చేసి జతపరుపవలెను. చిప్పు వేడెక్కిన కొలదిపాటికే వలయము తన రంగును తప్పును. వెండ్రుకవంటి తంతిని చిప్పునకు గురితప్పక అతుకుట మిగుల ఖర్చుతో కూడినది.

ఐనను ఈ యత్నము ఆంధ్రులకు దూరపు ముచ్చట గాదు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున గిగావాటు స్థాయి డేటా కేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించినది. అట్టిచోట సమాచారమును మోయుటకు ఆదాయగు ప్రతి యూనిటును ఇండ్లకును, పంపుసెట్లకును మిగులును. 2015లో తాడేపల్లిగూడెమున నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదువు విద్యార్థులకే గాక, పాఠశాల బాలురకు, బాలికలకు కూడ ఇందలి సూత్రము అందనిది గాదు. చెరువు ఎంత పెద్దదని మాత్రమే గాక, తూము ఎంతటిదని కూడ అడుగవలెను. లెక్కకట్టుట విద్యుత్తు పనిగనే యుండును. మోయుట మాత్రము వెలుగు పని కానున్నది.