కాథలిక్ బాలుర సాహసగాథా శిబిరం

కాథలిక్ బాలుర సాహసగాథా శిబిరం అనగా వేసవి సెలవులలో బాలుర కొరకు ఒక కల్పిత రాజ్యపు కథను ఆధారంగా చేసుకొని నిర్వహించే మత, నైతిక శిక్షణ శిబిరం. సాధారణ సత్యోపదేశ తరగతిలో బాలుడు కథను వింటాడు. ఈ శిబిరంలో అతడు కథలో ఒక పాత్ర అవుతాడు. శత్రువు నుండి కోటను కాపాడుట, పోయిన వస్తువును వెదకుట, గాయపడిన మిత్రుని మోసుకొని వచ్చుట వంటి పనులు చేస్తూ ధైర్యం, సత్యసంధత, సహనం వంటి గుణాలను అలవరచుకుంటాడని నిర్వాహకుల విశ్వాసం. ఈ విధమైన శిబిరాలు ముఖ్యంగా అమెరికాలో కనిపిస్తాయి. తెలుగు ప్రాంతాలలో దీనికి దగ్గరగా ఉన్నవి చర్చీల వేసవి బైబిలు తరగతులు, సలేషియన్ సభవారి బాలుర కార్యక్రమాలు, స్కౌటు శిబిరాలు.

స్వరూపం

శిబిరం సాధారణంగా కొన్ని రోజుల నుండి ఒక వారం వరకు జరుగుతుంది. బాలురను చిన్న చిన్న దళాలుగా విభజిస్తారు. ప్రతి దళానికి ఒక పేరు, ఒక జెండా, వయసులో పెద్దవాడైన ఒక నాయకుడు ఉంటారు. మొదటి రోజున కథకు నాంది పలుకుతారు. ఆ తరువాత ప్రతి రోజూ కథ కొంత ముందుకు సాగుతుంది. మెత్తని పదార్థంతో చేసిన కత్తులు, డాళ్ళు, పాత్రోచితమైన దుస్తులు, పటాలు, చిక్కుప్రశ్నలు వాడుకలో ఉంటాయి. యువకులు, పెద్దలు రాజు, దూత, ద్రోహి, శత్రుసేనాని వంటి పాత్రలను ధరిస్తారు. కథ ఎటు మళ్ళునన్నది కొంతవరకు బాలుర నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది. ఒక దళం మాట తప్పినచో దాని ఫలితాన్ని కథలోనే అనుభవించవలసి వస్తుంది. నాటకానికీ దీనికీ ఉన్న ప్రధాన భేదం ఇదే. నాటకంలో సంభాషణ ముందే వ్రాయబడి ఉంటుంది. ఇక్కడ ఎంపిక బాలునిది.

చరిత్ర

కథను, ఆటను, ప్రార్థనను కలిపి బాలురకు బోధించే పద్ధతికి కాథలిక్కులలో ప్రసిద్ధుడైన మార్గదర్శి ఇటలీ దేశపు గురువు పునీత డాన్ బోస్కో (1815-1888). ఆయన బాల్యంలో తాడుపై నడక, గారడీ నేర్చుకొని, ప్రదర్శనకు ముందు గ్రామస్థులచేత జపమాల చెప్పించి, తాను చర్చిలో విన్న ప్రసంగాన్ని తిరిగి చెప్పేవాడు. 1841లో గురువైన తరువాత టూరిన్ నగరంలో పనులు వెదుక్కొంటూ వచ్చిన పేద బాలురను చేరదీశాడు. శరదృతువులో వారిని వెంటబెట్టుకొని తన స్వగ్రామమైన బెక్కికి, అక్కడ నుండి చుట్టుప్రక్కల పల్లెలకు కాలినడకన తీసుకువెళ్ళేవాడు. వాద్యబృందం ముందు నడిచేది. సాయంకాలం ఊరిలో నాటకం ఆడేవారు. ఈ పాదయాత్రలు 1864 వరకు కొనసాగాయి.

డాన్ బోస్కో తన కలలను కూడా బాలురకు కథలుగా చెప్పేవాడు. తొమ్మిదేళ్ళ ప్రాయంలో వచ్చిన కలలో తిట్టుకొంటూ కొట్టుకొంటున్న బాలురపై తాను పిడికిళ్ళతో విరుచుకుపడగా, దెబ్బలతో కాక మృదుత్వంతో వారిని గెలవమని ఒక మహనీయుడు చెప్పినట్లును, క్రూరమృగాలుగా కనిపించినవారు గొర్రెపిల్లలుగా మారినట్లును ఆయన వ్రాసుకున్నాడు. 1862 మే 30న చెప్పిన మరొక కలలో శత్రునౌకల దాడికి గురైన ఒక మహానౌక సముద్రంలోని రెండు స్తంభాల మధ్య లంగరు వేసుకొని రక్షణ పొందుతుంది. ఒక స్తంభంపై దివ్యసత్ప్రసాదం, మరొకదానిపై మరియమాత ప్రతిమ ఉంటాయి. సాహసగాథా శిబిరాల కథలకు కావలసిన యుద్ధం, ఆపద, ఆశ్రయం అన్నీ ఇందులో ఉన్నాయి.

రెండవ మూలం స్కౌటు ఉద్యమం. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పవెల్ బాలురతో ప్రయోగాత్మక శిబిరం నడిపాడు. 1916లో చిన్నపిల్లల కొరకు వెలువరించిన పుస్తకంలో రడ్యార్డ్ కిప్లింగ్ రచించిన జంగిల్ బుక్ (1894) కథను వాడుకున్నాడు. దళనాయకునికి అకేలా అనియు, ఇతర పెద్దలకు బాలూ, బఘీరా అనియు పేర్లు వచ్చాయి. ఆ కథకు రంగస్థలం మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవులు. ఫ్రాన్సులో జెస్యూట్ గురువైన జాక్ సెవెన్ 1920లో కాథలిక్ స్కౌటు సంఘ స్థాపనలో ప్రముఖ పాత్ర వహించి, ఈ పద్ధతిని మతశిక్షణతో జోడించాడు. భారతదేశపు అడవి కథ ఈ విధంగా ఐరోపా కాథలిక్ బాలుర శిబిరాలకు చేరింది.

మూడవ మూలం సాహిత్యం. ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ (1954-55) రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ భక్తుడైన కాథలిక్కు. తల్లి మరణానంతరం ఒక కాథలిక్ గురువు సంరక్షణలో పెరిగాడు. ఆయన నవలల ప్రభావంతోను, 1970ల చివరి నుండి వ్యాపించిన సజీవ పాత్రధారణ క్రీడలతోను నేటి శిబిరాల రూపం ఏర్పడింది.

కథకూ పూజకూ మధ్య ఎల్ల

ఈ శిబిరాలలో జాగ్రత్తగా పాటించవలసిన నియమం ఒకటి కలదు. దివ్యబలిపూజ, పాపసంకీర్తనం కథలో భాగాలు కారాదు. పూజ సమయంలో ఆట ఆగిపోవాలి, వేషాలు తీసివేయాలి. లేనిచో దివ్యసంస్కారం కూడా ఒక వేషమేనని బాలుడు భావించే ప్రమాదం ఉన్నది.

మాయ, మంత్రం విషయంలోను ఇటువంటి జాగ్రత్తే అవసరం. 1992లో వెలువడిన కాథలిక్ సత్యోపదేశ గ్రంథం మంత్రతంత్ర ప్రయోగాలను నిషేధించింది. అందువలన వీరుడు మంత్రంతో గెలిచే కథను కాక, ఓర్పుతోను స్నేహంతోను త్యాగంతోను గెలిచే కథను ఎన్నుకోవడం ఈ బోధనకు అనుకూలం.

తెలుగు ప్రాంతాలలో

సలేషియన్ సభ గురువులు 1906లో తంజావూరు చేరి భారతదేశంలో తమ సేవను ప్రారంభించారు. హైదరాబాదు కేంద్రంగా వీరి ప్రత్యేక ప్రాంతీయ విభాగం 1992లో ఏర్పడింది. అంతకు ముందే 1989లో విజయవాడలో వీధిబాలల కొరకు నవజీవన్ బాలభవన్ ప్రారంభమైనది.

కాథలిక్ విచారణలలో వేసవి సెలవులలో బాలబాలికలకు సత్యోపదేశ తరగతులు నిర్వహించడం పరిపాటి. ప్రొటెస్టెంటు సంఘాలలో ఇదే కాలంలో జరిగే వి.బి.ఎస్. తరగతులకు మూలం అమెరికాలో ఉన్నది. 1898లో న్యూయార్కు నగరపు పేదవాడలో ఎలైజా హాస్ అనే మహిళ నడిపిన వేసవి బడి వీటికి తొలి రూపాలలో ఒకటి. అభినయ గీతాలు, బొమ్మలాట, పోటీలు ఈ తరగతులలో సాధారణం. అయితే వీటిలో చాలావరకు బాలబాలికలు కలిసి పాల్గొంటారు, సాయంత్రానికి ఇంటికి చేరుకుంటారు.

సాహసగాథ తెలుగు బాలునికి క్రొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు చెరలోని తల్లిని విడిపించేది ఆమె కుమారుడు బాలవర్ధిరాజే. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నదని తెలుసుకొని అతడు బయలుదేరుతాడు. 1951లో విడుదలైన పాతాళభైరవి చిత్రంలోని తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, 1947లో మొదలైన చందమామ పత్రికలోని ధారావాహికలు ఈ కోవలోనివే.

పాలమూరు పరిస్థితులు

ఒక చోట పుట్టిన పద్ధతిని మరొక చోటికి తెచ్చునప్పుడు ఆ ప్రాంతపు స్థితిగతులను గమనించవలసి ఉంటుంది. 2019లో మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడిపోయి ఏర్పడిన నారాయణపేట జిల్లాలోని కోస్గి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును.

మొదటిది వాతావరణం. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ మెట్ట ప్రాంతంలో పరుగు, పోరాటం వంటి ఆటలు ఉదయం, సాయంకాలం మాత్రమే ఆడించదగినవి. మధ్యాహ్నం నీడలో కథ చెప్పుటకు, చేతిపనులకు తగిన సమయం.

రెండవది వలస. పాలమూరు కూలీలు హైదరాబాదు, ముంబాయి, పూణె వంటి నగరాలకు పనులకై వెళ్ళడం చాలాకాలంగా ఉన్నది. తల్లిదండ్రులు వలసలో ఉన్న బాలుడు వేసవిలో అవ్వతాతల వద్ద ఉంటాడు, లేదా తానూ పనికి పోతాడు. బడి మూసిన రోజులలో అటువంటి బాలునికి అన్నం, నీడ, పెద్దల పర్యవేక్షణ లభించడమే శిబిరం వలన కలిగే మొదటి ప్రయోజనం. పొరుగున ఉన్న రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో పనిచేసే పిల్లలను బడికి సిద్ధం చేయుటకు వసతి శిబిరాలు నడిపినది. అవి మతపరమైనవి కావు. అయినను, కలిసి ఉండడం పిల్లల జీవితాన్ని మార్చగలదని అవి చూపినాయి.

మూడవది మంత్రగాని పాత్ర. బాణామతి, చేతబడి చేశారనే అనుమానంతో మనుషులను హింసించిన, చంపిన సంఘటనలు తెలంగాణ పల్లెలలో జరిగాయి. అమెరికా బాలునికి మంత్రగాడు పుస్తకంలోని వ్యక్తి. ఇక్కడి బాలునికి ఊరిలో ఎవరినో ఒకరిని చూపి పెద్దలు ఆ మాట అని ఉండవచ్చు. శత్రువును మంత్రగానిగా చూపి అతనిని తరిమికొట్టే ఆట ఆ అనుమానానికి బలం చేకూర్చగలదు. కరువు, అబద్ధం, దురాశ వంటివాటిని శత్రువులుగా మలచడం, లేదా చివరకు శత్రువు మారినట్లు చూపడం మేలు. డాన్ బోస్కో కలలో మృగాలు చంపబడలేదు, గొర్రెపిల్లలుగా మారాయి.

నాలుగవది పాత్రల పంపిణీ. గద్వాల, వనపర్తి సంస్థానాలు ఉండిన ఈ నేలపై రాజు, దొర, బంటు అనే మాటలకు కులంతో ముడిపడిన జ్ఞాపకాలు ఉన్నాయి. ఊరిలో తక్కువగా చూడబడే బాలుడు ఆటలోనూ బంటుగానే మిగిలితే శిబిరం ఉద్దేశం నెరవేరదు. చీటీలు వేసి పాత్రలను పంచడం, ప్రతిరోజూ వాటిని మార్చడం, అందరూ ఒకే పంక్తిలో భోజనం చేయడం దీనికి సులభమైన మార్గాలు.

బాలల రక్షణ, సమ్మతి

కాథలిక్ సంస్థలలో బాలలపై జరిగిన లైంగిక అత్యాచారాలు బయటపడిన తరువాత 2002లో అమెరికా బిషప్పులు బాలల రక్షణకు నియమావళిని ఆమోదించారు. బాలలతో పనిచేసేవారి పూర్వచరిత్రను పరిశీలించడం అందులో ఒక ముఖ్యాంశం. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాలలపై లైంగిక నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. పెద్దవాడెవ్వరూ బాలునితో ఏకాంతంగా ఉండకపోవడం, రహస్య ప్రమాణాలు చేయించకపోవడం శిబిరంలో కనీస జాగ్రత్తలు. కథలో రహస్యం ఉండవచ్చును గాని, ఇంటిలో చెప్పకూడని రహస్యం ఉండరాదు.

భారత రాజ్యాంగపు 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందుతున్న విద్యాసంస్థలో మైనరును సంరక్షకుని సమ్మతి లేకుండా మతబోధలో పాల్గొనవలసినదిగా నిర్బంధించరాదు. పాఠశాలకు వెలుపల జరిగే శిబిరానికి ఈ నిబంధన నేరుగా వర్తించకపోయినను, అందులోని న్యాయం వర్తిస్తుంది. ఇతర మతస్థుల పిల్లలు వచ్చే చోట శిబిరంలో ప్రార్థన, పూజ ఉంటాయన్న సంగతి తల్లిదండ్రులకు ముందుగానే, వారికి అర్థమయ్యే మాటలలో చెప్పవలసి ఉంటుంది. పూజకు రాని బాలుడు మరునాటి ఆటలో తన దళాన్ని, తన పాత్రను కోల్పోకూడదు.