ఉద్దానపు రేకులు - కంపన గణితము

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస చేరువను తీరము దాటిన తిత్లీ తుపాను, గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచి, ఉద్దానమునందలి కొబ్బరి, జీడితోటలను నేలగూల్చుటయే గాక, ఎన్నో యిండ్ల రేకులను పెరికి విసరివైచెను. రేకును లేపునది ప్రధానముగా గాలి కలిగించు చూషణమే. అయినను ఆ పీడనము నిలుకడ లేక క్షణక్షణమును మారుచుండుటచే రేకు పైకిని క్రిందికిని మరల మరల వంగి, బోల్టు చుట్టును నెరియలు విచ్చి, తుదకు బోల్టు నిలిచియుండగనే తాను చినిగిపోవును. 1974 డిసెంబరులో ఆస్ట్రేలియాయందలి డార్విన్ నగరమును ట్రేసీ తుపాను ధ్వంసము చేసినపుడు ఇంజనీర్లు గుర్తించినది లోహముయొక్క ఈ యలసటనే.

ఆ రేకు కూడ ఒక పలకయే; ప్రతి పలకకును తాను కంపించు సహజ పౌనఃపున్యములు కొన్ని కలవు. ఒకే లోహపు చదునుపలకకు మందము రెట్టింపయినచో అవి రెట్టింపగును. ఆధారముల నడిమి దూరములు సగమయినచో నాలుగింతలగును. జర్మను శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ 1787లో పలకలపై ఇసుక చల్లి, అంచును కమానుతో రాచి, కదలని రేఖలను కంటికి గట్టించెను. వాని కారణము నన్వేషించిన సోఫీ జెర్మెయిన్ 1816లో పారిస్ అకాడమీ బహుమానము నందెను. 1850లో కిర్కాఫ్ అంచుల నియమములను సరిదిద్దెను. ఇట్లు పలక కంపనపు సమీకరణము సిద్ధించినది గాని, నాలుగంచులును స్వేచ్ఛగానున్న చతురస్రపు పలకకు సైతము కచ్చితమైన సూత్రము లభింపలేదు.

ఆ చిక్కును 1909లో విడదీసిన వాల్టర్ రిట్జ్ ఆ యేటనే, 31 ఏండ్ల ప్రాయమున, క్షయవ్యాధిచే మరణించెను. పలక వంపును తెలిసిన కొన్ని వక్రముల మిశ్రమముగా నూహించి, శక్తి కనిష్ఠమగునట్లు వాని పాళ్లను నిర్ణయించుట ఆతని మార్గము. ఊహించిన వంపులకే కట్టుబడిన పలక నిజమైనదానికంటె బిగువుగా నుండును గావున, ప్రథమ పౌనఃపున్యము ఎన్నడును అసలుకంటె తగ్గదు. వక్రములు పెరిగినకొలది సత్యమునకు దిగివచ్చును. ఈ గుణము నాకు మిక్కిలి ప్రీతికరము: తప్పు ఏ వైపున నున్నదో తెలిసిన లెక్కను నమ్మవచ్చును.

తరువాత వచ్చిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, పలకను చిన్న తునుకలుగా విభజించి, వాని మూలలయొద్ద వంపును వాలును అజ్ఞాతములుగా గొని, కంప్యూటరుచే వేల సమీకరణములను సాధింపించును. అలలవంటి మడతలచే ఒక దిశను బిగువు, మరియొక దిశను మెత్తన గల పైకప్పు రేకునకును, బోల్టు రంధ్రములకును ఇదియే తగినది. ఈ విద్యలో విశ్వవిఖ్యాతుడైన జె.ఎన్. రెడ్డి 1945లో వరంగల్లున జన్మించి, ఉస్మానియాలో చదివి, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. కిర్కాఫ్ సిద్ధాంతము పలుచని పలకలకు చాలును. మందమైన, పొరలు పొరలుగా కూర్చిన పలకలలో అది కోతవిరూపమును విస్మరించి పౌనఃపున్యమును హెచ్చుగా జూపును. రెడ్డిగారు 1984లో ప్రకటించిన సిద్ధాంతమున మందమువెంబడి కదలిక ఘనవక్రముగా మారును గావున, రెండు ముఖములయందును కోతప్రతిబలము తనంతట శూన్యమగును. 2019లో ఆయనకు టిమొషెంకో పతకము లభించెను.

ఎంతటి పద్ధతియైనను, అంచు ఎట్లు పట్టుబడియున్నదో మనము చెప్పినదాకా లెక్క మొదలుకాదు. ఉప్పుగాలికి వాషరు తుప్పుపట్టి పట్టు సడలినకొలది పౌనఃపున్యము తగ్గును. టెక్కలిలోని ఇంజనీరింగు విద్యార్థులు వజ్రపుకొత్తూరు, కవిటి గ్రామములలోని పాతకప్పులపై కంపనమాపకముల నుంచి, లెక్కతో సరిచూచినచో, ఏ వరుసలో పట్టు వీడుచున్నదో రాబోవు తుపానునకు ముందే తెలిసికొనవచ్చును.