మంద్రధ్వనికి పెడలా, సాఫ్ట్‌వేరా?

1969వ సంవత్సరమున అమెరికాలోని ఆంపెగ్ కంపెనీవారు ఎస్.వి.టి. అను పేరుతో బేస్ గిటారు కొరకు ఒక యాంప్లిఫయరును నిర్మించిరి. 300 వాట్ల శక్తియు 14 వాల్వులును గల ఆ యంత్రమును, పదేసి అంగుళముల స్పీకర్లు ఎనిమిది బిగించిన పెద్ద పెట్టెతో జతపరచి మ్రోగించినప్పుడు, గిటార్ల హోరులోను డ్రమ్ముల మోతలోను అణగిపోవుచు వచ్చిన మంద్రస్వరము విశాలమైన సభాస్థలములలో సైతము నిండుగా వినవచ్చెను. రాక్ సంగీతమున బేస్ ధ్వని ఎట్లుండవలెనో నేటికిని చాలమంది వాదకులు ఆ యంత్రమును తలచుకొనియే నిర్ణయించుకొందురు. అయితే అంతటి బరువును ఊరూర మోసికొని తిరుగుట యెట్లు? అద్దె యింటిలో దానిని మ్రోగించినచో పొరుగువారు సహింతురా? కాలితో నొక్కు ప్రీయాంప్ పెడలును, కంప్యూటరులో నడచు యాంప్ సాఫ్ట్‌వేరును ఈ యిబ్బందికి పరిష్కారముగా వచ్చినవే.

శబ్దమును పెద్దది చేయుట మాత్రమే యాంప్లిఫయరు పని యని పలువురు భావింతురు; కాని అది ధ్వని స్వభావమును సైతము మార్చును. గిటారు పికప్పునుండి వెలువడు దుర్బల సంకేతమును మొదట ప్రీయాంప్ భాగము పెంచి, బేసు, మిడ్డు, ట్రెబుల్ పాళ్లను సరిదిద్దును. పవర్ యాంప్ దానికి బలము చేకూర్చును. స్పీకరు ఆ విద్యుత్తును గాలిలో కదలికగా మార్చుచు, పైస్థాయి కరకుదనమును చాలవరకు అణచివేయును. ఇక వాల్వులు, తమ శక్తికి మించిన సంకేతము వచ్చినప్పుడు, దాని శిఖరములను మెత్తగా నణచి, మూలస్వరమునకు రెట్టింపు, మూడింతల పౌనఃపున్యములు గల అనుస్వరములను జతచేయును. బేస్ గిటారులో అన్నిటికంటె లావైన తీగ, మామూలు శ్రుతిలో, సుమారు 41 హెర్ట్జులు పలుకును. చిన్న స్పీకర్లు అంత క్రింది ధ్వనిని పలికింపజాలకున్నను, ఆ అనుస్వరములను విని మన చెవి మూలస్వరమును తానే పూరించుకొనును. కావున కొంత డ్రైవు (అనగా ఇట్లు అనుస్వరములను పుట్టించు గరుకుదనము) చేర్చిన బేస్ సెల్‌ఫోనులో సైతము వినబడునుగాని, మిక్కిలి శుభ్రమైన బేస్ అందు మాయమగును.

1989లో న్యూయార్కు నగరమునందలి టెక్ 21 సంస్థ స్థాపకుడు ఆండ్రూ బార్టా, వాల్వులుగాని స్పీకరుగాని లేకయే ఆ రెంటి స్వభావమును అనుకరించు శాన్స్‌ఆంప్ అను చిన్న పెట్టెను వెలువరించెను. తరువాత అదే విధానమున బేస్ కొరకు ప్రత్యేకముగా వచ్చిన పెడలు స్టూడియోలలోను వేదికలపైనను స్థిరపడినది. అట్టి పెడలుపై నేను అన్నిటికంటె విలువైనదిగా ఎంచునది బ్లెండు నాబు. డ్రైవు పెంచినకొలది ధ్వనికి గరుకుదనము వచ్చునుగాని, క్రింది బరువు పలచబడుట తరచుగా వినవచ్చును. అప్పుడు బ్లెండును కొంచెము వెనుకకు త్రిప్పినచో, మార్పు చెందని మూలధ్వని దానితో కలిసి, పునాదియు నిలుచును, పై పదునును మిగులును.

సాఫ్ట్‌వేరు చరిత్రయు కొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది చివరి సంవత్సరములలోనే లైన్ 6 మొదలగు సంస్థలు యాంప్లిఫయర్ల ప్రవర్తనను గణితముగా మార్చి కంప్యూటరులోనికి తెచ్చినవి. నేడు న్యూరల్ యాంప్ మోడలర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు, నిజమైన యంత్రమునకు ఇచ్చిన సంకేతమును, అది బయటికి పంపిన ధ్వనిని పోల్చి నేర్చుకొని, ఆ పోకడను ఆశ్చర్యకరముగా పట్టుకొనుచున్నది. ఈ రెండు మార్గములకు వైరము లేదనుటకు ఒక నిదర్శనము కలదు: హెల్సింకిలో డార్క్‌గ్లాస్ పెడళ్ల సంస్థను స్థాపించిన చిలీ దేశస్థుడు డగ్లస్ కాస్ట్రోయే, పిమ్మట న్యూరల్ డి.ఎస్.పి. అను సాఫ్ట్‌వేరు సంస్థ స్థాపకులలో ఒకడై, ఆ పెడళ్ల ధ్వనినే కంప్యూటరులోనికి తెచ్చెను.

సాఫ్ట్‌వేరుతో చిక్కెల్ల ఆలస్యమునందున్నది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, 256 నమూనాల బఫరు (తాత్కాలిక నిల్వ) పెట్టినచో, ఒక్క బఫరునకే 5 మిల్లీసెకన్లు దాటును. రాకపోకలు రెండును కలిసినచో 10కి పైబడును. శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణించును గనుక, ఇది స్పీకరునకు మూడున్నర మీటర్ల దూరమున నిలిచి వాయించుటతో సమానము. ఇంటిలో ఒంటరిగా సాధన చేయువానికి ఇది బాధ కాకపోవచ్చును. డ్రమ్ముల దెబ్బతో వ్రేళ్లను కలుపవలసిన వానికి మాత్రము తెలియకుండ పోదు. బఫరును తగ్గించినచో కంప్యూటరు తడబడి చిటపటలు పుట్టును. అనలాగ్ పెడలునకు ఈ బెడదయే లేదు.

ఇళయరాజా పాటలతో బేస్ గిటారు సొగసును చెవికి అలవరచుకొన్న తెలుగువారు, దానిని నేర్చుకొని ఆర్కెస్ట్రాలలోను చర్చి ఆరాధనలలోను వాయించుచున్నారు. అక్కడ చాలచోట్ల బేస్‌కు యాంప్లిఫయరే యుండదు. వైరు నేరుగా మిక్సరునకు పోవును. ఎర్తింగు సరిలేని హాలులో హమ్మింగు మొదలైనప్పుడు, పెడలు వెనుకనున్న బ్యాలెన్స్‌డ్ డి.ఐ. (నేరుగా మిక్సరునకు పంపు) అవుటును, సంకేతపు ఎర్తు లంకెను తెంచు గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చును చేయు మేలును లాప్‌టాపు చేయజాలదు. కావున నలుగురితో కలిసి వాయించువారు తమ మొదటి సొమ్మును డి.ఐ. గల పెడలుపైననే వెచ్చింపవలెనని నా నిశ్చితాభిప్రాయము.

ఇంట రికార్డింగు మాత్రమే చేయువారి సంగతి వేరు. వారు పది లక్షల ఓముల ఇన్‌స్ట్రుమెంటు ఇన్‌పుట్టు గల ఇంటర్‌ఫేసును కొని, ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆరంభించిన చాలును. సాధారణ లైన్ ఇన్‌పుట్టునకు పాసివ్ గిటారును తగిలించినచో ట్రెబుల్ చచ్చిపోవును. పెడలు వాడినను వాడకున్నను, శుభ్రమైన మూలసంకేతమును వేరొక ట్రాకున భద్రపరచుట మరువరాదు. రేపు టోను నచ్చనిచో పాటను మరల వాయింపనక్కర లేకుండ దానినే మార్చుకొనవచ్చును. ఆ శుభ్రమైన సంకేతమే చాలునని తోచవచ్చును కూడ: డెట్రాయిటులోని మోటౌన్ స్టూడియోలో బేస్ వాదకుడు జేమ్స్ జేమర్‌సన్ గిటారును చాలవరకు యాంప్లిఫయరు లేకయే నేరుగా కన్సోలులోనికి ఎక్కించిరి. ఆ రికార్డులను ఒకసారి శ్రద్ధగా వినుడు. పెడలు కొనబోవునాడు మీ గిటారునే వెంట తీసికొనిపోయి, హెడ్‌ఫోనులతో సరిపెట్టుకొనక, పెద్ద స్పీకరుపై విని, ఆ పిమ్మటనే కొనుడు.